ఆయుష్షు పెంచుతుందన్న తావో నియమం, దూరమవుతున్న దాంపత్యం

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, మా వారికి 39. మాకు ఆరేళ్ళ పాప ఉంది. రెండో బిడ్డ కావాలని ఇద్దరం అనుకున్నాం. ఏడాది క్రితం మా వారు చైనా తావో సాధన నేర్పుతామనే ఒక ఆన్‌లైన్ తరగతిలో చేరారు. వీర్యం బయటికి పోయినప్పుడల్లా ఆయుష్షు తగ్గుతుందనీ, దాన్ని ఆపి వెన్నెముక గుండా మెదడుకు ఎక్కిస్తే ముసలితనం దరిచేరదనీ అక్కడ చెప్పారట. అప్పటినుంచి వారాల తరబడి వేరే గదిలో పడుకుంటున్నారు. ఎప్పుడైనా దగ్గరకు వచ్చినా చివరి క్షణంలో వృషణాల వెనక వేలితో గట్టిగా నొక్కి ఆపేసుకుంటున్నారు. ఇదేమిటని అడిగితే, ‘నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమని మన పెద్దలూ అన్నారు, వాళ్ళ శాస్త్రమూ అదే చెబుతోంది’ అంటారు. ఆయన ఆయుష్షు దోచుకునే మనిషిలా నాకు నేనే కనిపిస్తున్నాను. తావో మతంలో నిజంగా ఇలాగే ఉందా? ఇది ఆరోగ్యానికి మంచిదేనా? నేనేం చేయాలి?
– ఒక సోదరి, కాకినాడ

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు, మీ గురించి మీరు రాసుకున్న ఆ చివరి మాటకు జవాబు చెప్పాలి. భార్యతో సహజంగా కాపురం చేయడం వల్ల ఆరోగ్యవంతుడైన ఏ మగవాడి ఆయుష్షూ తరిగిపోదు. ఇది ఈనాటి వైద్యం చెప్పే మాట. మీ వారు ఆధారంగా చూపుతున్న ప్రాచీన చైనా గ్రంథాల విషయానికి వస్తే, అవి భార్యకు దూరంగా ఉండమని చెప్పలేదు సరిగదా, అలా ఉండటాన్నే ఆయుష్షుకు చేటుగా ఎంచాయి. ఆయన విన్నది ఆ సంప్రదాయంలో ఒక ముక్క మాత్రమే. ఆ ముక్కను చుట్టూ ఉన్న మాటల నుంచి విడదీసి అమ్ముతున్నారు కాబట్టి, మొదట ఆ చుట్టూ ఉన్నదేమిటో మీకు కొంత వివరంగా చెబుతాను. ఆయనతో మాట్లాడేటప్పుడు అది మీకు అక్కరకు వస్తుంది.

ప్రాచీన చైనా వైద్యుల దృష్టిలో మనిషి ప్రాణం మూడింటి మీద ఆధారపడి ఉంది. పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి వచ్చే మూలసారాన్ని వారు ‘జింగ్’ అన్నారు. శ్వాసలోనూ రక్తంలోనూ కదిలే ప్రాణశక్తి ‘చీ’. మనసునూ తెలివినీ నడిపేది ‘షెన్’. మూలసారం మూత్రపిండాలలో నిలవ ఉంటుందనీ, మగవారిలో వీర్యం దాని రూపాలలో ఒకటనీ, అది తరిగేకొద్దీ జుట్టు నెరసి, పళ్ళు ఊడి, చెవులు మందగిస్తాయనీ వారు భావించారు. చైనా వైద్యానికి మూలగ్రంథమైన ‘హువాంగ్‌ది నెయ్‌జింగ్’ మొదటి అధ్యాయంలోనే స్త్రీ జీవితాన్ని ఏడేసి సంవత్సరాలుగా, పురుషుడి జీవితాన్ని ఎనిమిదేసి సంవత్సరాలుగా విభజించి, స్త్రీ 14వ ఏట రజస్వల అవుతుందనీ, 49వ ఏట ముట్లుడుగుతాయనీ, పురుషుడికి 16వ ఏట సారం నిండి 64వ ఏటికి అడుగంటుతుందనీ రాశారు. తాగిన మత్తులో పడకగదికి పోయి సారాన్ని ఖర్చు చేసుకునేవాళ్ళు యాభై ఏళ్ళకే ముసలివాళ్ళవుతారన్న హెచ్చరిక కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. కలయిక తరువాత మగవాడికి వచ్చే నిస్త్రాణను, నిద్రమత్తును కళ్ళారా చూసి, వయసుతో వచ్చే క్షీణతను దానికి ముడిపెట్టి చేసిన ఊహ ఇది. శుక్రకణం అనేది ఒకటుందని ప్రపంచంలో ఎవరికీ తెలియని రోజుల్లో అలా అనుకోవడంలో వింతేమీ లేదు.

ఈ ఆలోచన చుట్టూ పడకగది విద్యలనే ప్రత్యేకమైన శాస్త్రం పెరిగింది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో సంకలనమైన హాన్ వంశ చరిత్రలోని గ్రంథాల పట్టికలో ఈ విద్యకు చెందిన ఎనిమిది రచనలు, మొత్తం 186 చుట్టలుగా నమోదై ఉన్నాయి. అవన్నీ కాలగర్భంలో కలిసిపోయాయి. అయితే హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా నగరం దగ్గర మవాంగ్‌దుయ్ అనే చోట, క్రీ.పూ. 168లో మూసివేసిన ఒక సమాధిని 1973లో తవ్వినప్పుడు, పట్టు వస్త్రాల మీదా వెదురు బద్దల మీదా రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో దంపతుల కలయిక గురించిన రచనలున్నాయి. మరికొన్ని పాత సంభాషణలు, జపాన్‌కు చెందిన తంబా యసుయోరి అనే వైద్యుడు 984లో పూర్తి చేసిన ‘ఇషిన్‌పో’ అనే ముప్పై సంపుటాల వైద్య సంకలనంలో, 28వ సంపుటంలో భద్రంగా మిగిలాయి. చైనాలో పోయినవాటిని యె దెహుయ్ అనే పండితుడు ఆ జపాన్ సంపుటం నుంచే ఏరి 1903లో మళ్ళీ అచ్చువేశాడు.

మవాంగ్‌దుయ్ రాతలను మీ వారు తప్పక తెలుసుకోవాలి. దంపతుల కలయికలో శరీరానికి మేలు చేసేవి ఎనిమిదనీ, హాని చేసేవి ఏడనీ అక్కడ ఒక రచన లెక్కిస్తుంది. నొప్పి కలిగేలా కలవడం ఒక హాని. ఇష్టం లేనప్పుడు బలవంతం చేయడం ఒక హాని. తొందరపడి ముగించడం ఒక హాని. స్త్రీ శ్వాస, ముఖం, కదలికలలో వచ్చే మార్పులను ఓపికగా గమనిస్తూ, ఆమె సిద్ధపడిన తరువాతే ముందుకు పోవాలని ఈ గ్రంథాలు పురుషుడికి పదేపదే చెబుతాయి. రెండు వేల సంవత్సరాలకు పైబడిన రాతల్లో భార్య తృప్తిని భర్త ఆరోగ్యానికి షరతుగా పెట్టడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. ఆమెను పక్క గదిలో వదిలేసి ఒంటరిగా సాధించే ఆరోగ్యం ఈ రాతల్లో లేదు.

పూర్తిగా దూరంగా ఉండటం గురించి ఆ గ్రంథాలు ఏమన్నాయో కూడా చూడండి. ‘ఇషిన్‌పో’లో దొరికిన ఒక సంభాషణలో చైనా పురాణగాథల్లోని పీత చక్రవర్తి, ఇకమీదట చాలాకాలం స్త్రీ సాంగత్యం మానేద్దామనుకుంటున్నాను, ఏమంటావని సు న్యూ అనే దేవతను అడుగుతాడు. అలా చేయకూడదని ఆమె ఒక్కమాటలో చెబుతుంది. ఆకాశానికీ భూమికీ తెరుచుకోవడం, మూసుకోవడం ఉన్నట్టే, స్త్రీ, పురుష తత్వాలైన యిన్ యాంగ్‌లకు కూడా ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుందని వివరిస్తుంది. నాలుగో శతాబ్దపు తావో పండితుడు గె హొంగ్ మరింత సూటిగా రాశాడు. స్త్రీపురుషులు పూర్తిగా దూరమైతే శరీరంలో అడ్డంకులేర్పడి రోగాలు వస్తాయనీ, వాళ్ళు ఎక్కువకాలం బతకరనీ అతడి మాట. విచ్చలవిడితనం కూడా ఆయుష్షును తగ్గిస్తుందని ఆ వెంటనే అన్నాడు. పడకగది విద్య ఒక్కదానితోనే అమరత్వం వస్తుందనీ, పీత చక్రవర్తి 1,200 మంది స్త్రీలను కలిసి అలాగే స్వర్గానికెక్కాడనీ ఊదరగొట్టేవాళ్ళను ఆ కాలంలోనే తప్పుపట్టాడు.

మీ వారి తరగతిలో వయసుల పట్టిక ఒకటి ఇచ్చే ఉంటారు. దాని మూలం ఏడో శతాబ్దపు మహావైద్యుడు సున్ సిమియావ్ రచన. ఇరవై ఏళ్ళవాడు నాలుగు రోజులకు ఒకసారి, ముప్పైలో ఎనిమిది రోజులకు, నలభైలో పదహారు రోజులకు, యాభైలో ఇరవై రోజులకు ఒకసారి వీర్యాన్ని విడవవచ్చుననీ, అరవైలో మానుకోవాలనీ, అప్పటికీ ఒంట్లో బలముంటే నెలకొకసారి విడవవచ్చుననీ ఆయన రాశాడు. ఈ లెక్కకు ప్రయోగాల ఆధారం ఏదీ లేదు. అయినా ఆయన మాటనే ప్రమాణంగా తీసుకుందామనుకుంటే, 39 ఏళ్ళ మనిషికి ఆయన ఇచ్చిన గడువు ఎనిమిది రోజులే గానీ వారాల తరబడి కాదు. అంతకంటే ముఖ్యమైన మాట అదే అధ్యాయంలో ఉంది. స్త్రీ లేకుండా పురుషుడు, పురుషుడు లేకుండా స్త్రీ ఉండకూడదనీ, అలా ఉంటే మనసు చలించి అలసిపోయి ఆయుష్షు తగ్గుతుందనీ ఆయన రాశాడు. బలవంతంగా బిగబట్టుకుంటే నిలుపుకోవడం కష్టం, జారిపోవడం సులువు అన్నాడు. అలా బిగబట్టేవాడికి వీర్యం తనంతట కారిపోయి మూత్రం చిక్కబడుతుందనీ, అలా పోయిన ఒక్కసారి నష్టం వందసార్ల నష్టానికి సమానమనీ హెచ్చరించాడు. పట్టికను పట్టుకొచ్చినవాళ్ళు ఈ మాటలను ఎందుకు వదిలేశారో మీ వారు వాళ్ళనే అడగాలి.

ఇన్ని మంచి మాటలు చెప్పాను కాబట్టి ఆ సంప్రదాయంలోని చీకటి భాగాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. స్త్రీ దగ్గర నుంచి శక్తిని తీసుకుని, తనది ఇవ్వకుండా దాచుకోవాలనే ధోరణి ఆ పుస్తకాల్లోనే ఉంది. కొన్ని రచనలు స్త్రీని శత్రువుగా పేర్కొంటూ యుద్ధ పరిభాషలో మాట్లాడతాయి. ఒకే స్త్రీతో ఉంటే శక్తి పలచబడుతుంది కాబట్టి పిన్నవయసు స్త్రీలను మార్చుకుంటూ పోవాలంటాయి. అనేక మంది భార్యలూ ఉంపుడుగత్తెలూ ఉన్న ధనికుల ఇళ్ళకు రాసిన సలహాలు అవి. అంతమందిని సంతోషపెట్టాలి, అదే సమయంలో కొడుకు కోసం బలం నిలుపుకోవాలి. వీర్యం పొదుపు అక్కడ ఒక ఇంటి లెక్క కూడా. ఈ ధోరణి ఎంత దూరం పోయిందో మింగ్ వంశపు జియాజింగ్ చక్రవర్తి చరిత్ర చూపిస్తుంది. ఆయుష్షు పెంచుతాయన్న నమ్మకంతో ఆయన బాలికల రుతురక్తంతో మందులు చేయించుకున్నాడు. 1542లో అంతఃపుర దాసీలే కొందరు ఏకమై, నిద్రలో ఆయన మెడకు ఉరి బిగించబోయి విఫలమయ్యారు, ఆ తరువాత ఘోరమైన మరణశిక్షకు గురయ్యారు. ఆ స్త్రీల గురించి చదివినప్పుడల్లా నాకు కలిగే బాధ అంతా ఇంతా కాదు. మీకు కలుగుతున్న అవమానభావం ఊరికే పుట్టినది కాదని చెప్పడానికే దీన్ని ఇక్కడ ప్రస్తావించాను. అవతలి మనిషిని తన ఆయుష్షుకు ముడిసరుకుగానో ప్రమాదంగానో చూడటం ఈ ఆలోచనలోనే ఒక మూలన ఉంది.

తావో మతం అంతా ఈ విషయంలో ఒకే తాటి మీద నడవలేదు. క్రీ.శ. 142లో సిచువాన్ ప్రాంతంలో జాంగ్ దావోలింగ్ మొదలుపెట్టిన దివ్యగురువుల శాఖలో స్త్రీపురుషుల ప్రాణశక్తులను కలిపే క్రతువు ఉండేది. 415లో కోవ్ చియన్‌జీ అనే సంస్కర్త దాన్ని తప్పుడు ఆచారంగా ఖండించాడు. నాలుగో శతాబ్దంలో పుట్టిన షాంగ్‌చింగ్ శాఖ దేహ సంబంధాన్ని పక్కనపెట్టి ధ్యానంలో దేవతలతో కలయికను ఊహించుకోమంది. పన్నెండో శతాబ్దంలో వాంగ్ చొంగ్‌యాంగ్ స్థాపించిన చువెన్‌జెన్ శాఖ సన్యాసులు బ్రహ్మచారులు. బీజింగ్‌లోని శ్వేతమేఘ ఆలయం ఆ శాఖదే. వాళ్ళు సారాన్ని నిలుపుకుంటారంటే సంసారం వదులుకుని, ఆ జీవితాన్ని ఎంచుకుని నిలుపుకుంటారు. జెంగ్‌యీ శాఖ పూజారులు పెళ్ళి చేసుకుని పిల్లాపాపలతో కాపురాలు చేస్తారు. భార్య ఉండి, బిడ్డ కావాలనుకుంటూ, సన్యాసి నియమాన్ని సగం పాటించమని వీరిలో ఎవరూ చెప్పలేదు.

ఇక మీ రెండో ప్రశ్న. మూలసారాన్ని వెనక్కి మళ్ళించి మెదడును పోషించుకోవచ్చునన్న నమ్మకం నిజంగానే ఆ గ్రంథాల్లో ఉంది, మీ వారు వేలితో నొక్కే పద్ధతి కూడా ఉంది. శరీర నిర్మాణం మాత్రం దానికి ఒప్పుకోదు. వీర్యాశయాల నుంచి గానీ మూత్రనాళం నుంచి గానీ వెన్నెముకలోకి, మెదడులోకి దారి లేదు. స్ఖలన సమయంలో అక్కడ నొక్కితే వీర్యం మూత్రనాళంలో నిలిచిపోతుంది, లేదా మూత్రాశయంలోకి మళ్ళి తరువాత మూత్రంతో పాటు బయటికి పోతుంది. చైనా విజ్ఞాన చరిత్రను రాసిన జోసెఫ్ నీధమ్, ఆ సంప్రదాయం మీద ఎంతో ప్రేమ ఉన్నవాడై కూడా, ఈ సంగతిని 1956లోనే రాశాడు. అంటే మీ వారు దాచుకున్నాననుకుంటున్నది ఆయనకు తెలియకుండానే పోతోంది. పైగా ఆ చోట నరాలూ రక్తనాళాలూ మూత్రనాళమూ ఉంటాయి. పదేపదే గట్టిగా నొక్కడం వల్ల నొప్పి, మంట, తిమ్మిరి కలగవచ్చు. ఇది మానదగిన అలవాటు.

వీర్యం పోయినంత మాత్రాన శరీరం నష్టపోయేది చాలా స్వల్పం. సాధారణంగా ఒకసారి వెలువడేది 1.5 నుంచి 5 మిల్లీలీటర్లు. అందులో ఎక్కువ భాగం నీరు. శుక్రకణాలు అందులో చిన్న భాగమే. మిగిలినదంతా ప్రధానంగా వీర్యాశయాలూ ప్రొస్టేట్ గ్రంథీ తయారుచేసే ద్రవం. శుక్రకణాలు ప్రతిరోజూ కోట్ల సంఖ్యలో పుడుతూనే ఉంటాయి, వాడకపోతే శరీరమే వాటిని పీల్చుకుంటుంది. దాచుకున్నందువల్ల ఆయుష్షు పెరిగినట్టు రుజువు లేదు. అమెరికాలో దాదాపు 32 వేల మంది పురుషులను ఏళ్ళ తరబడి గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, నెలకు 21 సార్లు లేదా అంతకంటే ఎక్కువగా స్ఖలనం జరిగినవారిలో, నాలుగు నుంచి ఏడుసార్లు జరిగినవారి కంటే ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు సుమారు ఐదో వంతు తక్కువగా కనిపించింది. ఇది గమనించి చూసిన సంబంధమే గనుక, ఎక్కువసార్లు కలిస్తే క్యాన్సర్ రాదని దీన్నిబట్టి చెప్పలేం. విడవడం హానికరమన్న భయానికి మాత్రం ఇందులో మద్దతు దొరకదు.

నలభై చుక్కల రక్తం మాట మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే. రసం నుంచి శుక్రం దాకా ఏడు ధాతువులను ఒకదాని నుంచి ఒకటి పుట్టించిన ఆయుర్వేద భావన జనం నోళ్ళలో అలా మారింది. రక్తం వీర్యంగా మారదు. రెండూ వేర్వేరు చోట్ల వేర్వేరు విధాలుగా తయారవుతాయి. ఈ భయంతోనే నీరసం, దడ, నిద్రలేమితో బాధపడే మగవారిని మన మానసిక వైద్యులు ఎంతోకాలంగా చూస్తున్నారు. 1960లో డాక్టర్ ఎన్. ఎన్. విగ్ దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. చైనాలో ఇదే బాధను మూత్రపిండాల బలహీనతగా చెప్పుకుంటారు. రెండు దేశాల పెద్దలూ ఒకే మాట అన్నారని మీ వారు దాన్ని రుజువుగా భావిస్తున్నారు. రెండు దేశాల్లోనూ మగవాళ్ళు ఒకే భయంతో వైద్యుల దగ్గరకు వెళ్ళారన్నది కూడా అంతే నిజం.

ఆ సాధనలో నిలుపుకోదగినవి కూడా ఉన్నాయి. తొందరపడకపోవడం, శ్వాస మీద ధ్యాస, భార్య స్థితిని గమనించడం మంచి అలవాట్లు. శీఘ్రస్ఖలనంతో బాధపడేవారికి మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టే పద్ధతినీ, కటి కండరాల వ్యాయామాలనూ ఈనాటి వైద్యులు కూడా సూచిస్తారు. మీ వారి సమస్య నిజానికి అదే అయి, చెప్పుకోలేక ఈ తరగతిలో చేరి ఉండవచ్చు. నలభై దగ్గరపడుతున్న మనిషికి తండ్రి అనారోగ్యమో, స్నేహితుడి గుండెపోటో చావు భయం తెచ్చిపెట్టి ఉండవచ్చు. అందుకే మాట మొదలుపెట్టేటప్పుడు ఆ తరగతిని వెక్కిరించకండి. పాప నిద్రపోయాక, తీరిక ఉన్న రోజున, పడకగదిలో కాకుండా వేరేచోట కూర్చుని, ‘ఏమండీ, మీకు దేని గురించి భయంగా ఉంది?’ అని అడగండి. ఆయన చెప్పింది పూర్తిగా విన్న తరువాత, ఈ ఏడాది మీకు ఎలా గడిచిందో చెప్పండి. ఆయుష్షు దోచుకునే మనిషిలా కనిపిస్తున్నానని నాకు రాసిన ఆ వాక్యం ఆయన వినవలసినదే. ఇద్దరికీ సంబంధించిన నిర్ణయాన్ని ఒక్కరే తీసుకున్నారన్నది మీ న్యాయమైన ఫిర్యాదు. దాన్ని మెత్తగా చెప్పినా తగ్గించి చెప్పవలసిన పనిలేదు.

బిడ్డ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. సంతానం కావలసినప్పుడు వీర్యాన్ని విడవాలని ఆ పాత గ్రంథాలు కూడా చెబుతాయి గానీ, ముట్టు ఆగిన తరువాతి మొదటి కొద్ది రోజులను అవి సూచిస్తాయి. అది చాలామందికి సరిపడదు. సాధారణంగా అండం విడుదలయ్యేది తరువాతి ముట్టుకు సుమారు 14 రోజుల ముందు. ఆ రోజూ, దానికి ముందు ఐదు రోజులూ గర్భం నిలిచే అవకాశమున్న కాలం. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే చాలు. చాలా రోజులు ఆపి విడిచిన వీర్యంలో కణాల సంఖ్య ఎక్కువగా కనిపించినా వాటి చలనం తగ్గే అవకాశం ఉంది. అందుకే వీర్య పరీక్షకు రెండు నుంచి ఏడు రోజుల విరామం మాత్రమే అడుగుతారు.

నొక్కడం మానేసిన తరువాత కూడా వీర్యం బయటికి రాకపోయినా, బాగా తగ్గినా, కలయిక తరువాత మూత్రం మబ్బుగా పోతున్నా, ఆ చోట నొప్పి ఉన్నా మీ వారు యూరాలజిస్టును కలవాలి. కలయిక తరువాతి మూత్రాన్ని పరీక్షిస్తే వీర్యం మూత్రాశయంలోకి పోతోందో లేదో తెలుస్తుంది. మధుమేహం, కొన్ని రక్తపోటు, ప్రొస్టేట్ మందులు కూడా ఇలా జరగడానికి కారణమవుతాయి కాబట్టి, చక్కెర పరీక్ష చేయించుకుని, వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకువెళ్ళాలి. వేలితో నొక్కే అలవాటు సంగతి సిగ్గుపడకుండా వైద్యుడికి చెప్పమనండి. అది తెలియకపోతే అనవసరమైన పరీక్షలు చాలా చేయవలసి వస్తుంది. శారీరకంగా ఏ లోపమూ లేదని తేలినా ఆయన భయం తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి ఇద్దరూ కలిసి కలవండి. మీకు 35 ఏళ్ళు నిండేలోపు గర్భం రాకపోతే ఆ తరువాత ఏడాది దాకా ఆగవద్దు, ఆరు నెలలు ప్రయత్నించినా ఫలితం లేకపోతే వెంటనే సంతాన వైద్య నిపుణులను సంప్రదించండి.